తీపి కిటికీ

ఇల్లు చూడ్డానికి కౌంటీ ఆఫీసు నుంచి గురువారం పొద్దున్న పదింటికి మనిషి వస్తుందని తెలిసినప్పటి నుంచి ప్రేమజ్యోతికి చేతులు ఊరుకోవడం లేదు.

ఆమె కెనడాలోని సార్నియా వచ్చి పది నెలలైంది. కూతురు జెస్లిన్ వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తుంది. అల్లుడు ఆరన్ నది ఒడ్డునున్న ప్లాంట్లలో పైపులకు వెల్డింగ్ చేస్తాడు. వాళ్ల పాప అబిగేల్‌కి ఏడాదిన్నర. ఆ పాప కోసమే ఆమె చీరాల నుంచి వచ్చింది. ఉంటున్నది వందేళ్ల నాటి చెక్క ఇల్లు. మూడేళ్ల కిందట, అదొక్కటే తమ అందుబాటులో ఉందని కొన్నారు. ఈలోగా ఊరి కాలేజీకి మన పిల్లలు విమానాల కొద్దీ దిగడం మొదలైంది. తలదాచుకోను గది దొరక్క ఆడపిల్లలు గుమ్మాల్లో నిలబడి అడుగుతుంటే చూడలేక పైనున్న రెండు గదులూ ముగ్గురికి ఇచ్చారు. అందులో ధాత్రి ఒకతి. కరీంనగర్ పిల్ల. కాలేజీ లేని వేళల్లో కాఫీ షాపులో పని చేస్తుంది.

సెప్టెంబరులో పాప తిండి మానేసింది. ఊరికే ఏడుపు, రోజుల తరబడి విరేచనం లేదు. డాక్టరు రక్తం తీయించాడు. నాలుగో రోజున ఆరోగ్య శాఖ నర్సు ఫోను చేసి, పాప రక్తంలో సీసం ఉందని చెప్పింది. ఉండదగ్గ హద్దుకు మూడింతలు ఉందట. ఇలాగే సాగితే మెదడు ఎదగదని, మాటలు ఆలస్యమవుతాయని కూడా చెప్పింది.

"చుట్టూ ఇన్ని చిమ్నీలుంటే సీసం కాక ఏమొస్తుంది?" అన్నాడు ఆరన్.

ఇంటికొచ్చిన నర్సు మాత్రం చిమ్నీల సంగతి ఎత్తలేదు. నేరుగా వంటగదిలోకి నడిచింది. ఇండియా నుంచి తెచ్చిన పసుపు, కారం, ఇత్తడి చెంబు, పాపకు పెట్టే కాటుక డబ్బీ బల్ల మీద పెట్టించి, అన్నిట్లోంచి కాస్త కాస్త తీసుకుని కవర్లలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ ముందు గది కిటికీ చెక్క మీద లేచిన రంగు పెచ్చు కూడా ఒకటి ఊడదీసుకుంది.

"కాటుక ఎక్కడ కొన్నావమ్మా?" అని జెస్లిన్ అడిగింది. గొంతు మామూలుగానే ఉంది. చూపు మాత్రం వేరుగా ఉంది.

ఆ తర్వాత పదిహేను రోజులూ ఆ ఇంట్లో పసుపు వేసిన కూర లేదు. పాపకు అన్నం పెట్టే పని జెస్లిన్ తన చేతిలోకి తీసుకుంది. ప్రేమజ్యోతి చెంచా పట్టుకుంటే, "నేను పెడతాలే" అనేది. అమ్మమ్మ చేతిలోనే విషం ఉందన్న మాట ఎవరూ పైకి అనలేదు. అనకపోవడం వల్ల అది ఇల్లంతా తిరిగింది.

ఫలితాలు వచ్చాయి. కాటుకలో ఏమీ లేదు. పసుపులో లేదు, చెంబులో లేదు. ఉన్నది కిటికీ రంగులో. పూర్వం అక్కడ రంగుల్లో సీసం కలిపేవారట. పాప రోజూ సోఫా ఎక్కి, కిటికీ దగ్గర నిలబడి, ధాత్రి వాళ్లు దిగే బస్సు కోసం ఎదురుచూస్తూ ఆ చెక్కను కొరుకుతూ ఉండేది. "ఆ రంగు నాలుకకు కాస్త తియ్యగా తగులుతుంది. అందుకే పిల్లలు మళ్లీ మళ్లీ దాని దగ్గరికే పోతారు" అని నర్సు చెప్పింది.

ప్రేమజ్యోతి ఆ రాత్రి పసుపు డబ్బాను తీసి మళ్లీ పొయ్యి పక్కన దాని చోట పెట్టింది.

ఇంట్లో కిటికీలు పద్నాలుగు. అన్నీ తీయించి కొత్తవి పెట్టించడానికి ఎంతవుతుందో విని ఆరన్ ఫోను బోర్లా పెట్టేశాడు. దారి నర్సే చూపింది. సొంత ఇంట్లో ఉంటూ, రాబడి తక్కువై, ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లకు కౌంటీ, అంటే అక్కడి జిల్లా సర్కారు, సాయం చేస్తుంది. పదేళ్లు ఆ ఇంట్లోనే ఉంటే ఆ డబ్బు తిరిగి కట్టనక్కర్లేదు. దరఖాస్తు పన్నెండు పేజీలు. ధాత్రి రెండు ఆదివారాలు కూర్చుని నింపింది. "అప్లై చేసినమన్నా. వాళ్లు వచ్చి చూసి ఓకే అంటే మీకిగ పండుగే" అంది ఆరన్‌తో.

వచ్చి చూసే ఆ మనిషే గురువారం వస్తోంది.

చీరాలలో ఉండగా ప్రేమజ్యోతి డిసెంబరు మొదటి వారం దాటనిచ్చేది కాదు. పాత సున్నం పెచ్చులు గీకి, కొత్త సున్నం వేసి, గుమ్మానికి రంగు పూసి, ఆ తర్వాతే క్రిస్మస్ మాట ఎత్తేది. పాస్టరుగారు ప్రార్థనకు వస్తున్నారంటే గోడ మీద మరక ఉండనిచ్చేది కాదు. ఇప్పుడు వచ్చేది సర్కారు మనిషి. పాప బతుకు ఆమె సంతకంలో ఉంది. అలాంటి మనిషికి పెచ్చులూడిన కిటికీ చూపిస్తారా? పైగా విషం ఆ రంగులోనే ఉందని తేలిపోయింది. ఉన్నచోటు తెలిశాక ఊరుకోవడమేమిటి? పాపను కిటికీ జోలికి పోనివ్వొద్దని జెస్లిన్ చెప్పింది. కిటికీని ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు.

బుధవారం పొద్దున్న కూతురూ అల్లుడూ పనికి వెళ్లగానే చీర కుచ్చిళ్లు బొడ్లో దోపింది. అట్లకాడ తీసింది. ఆరన్ పనిముట్ల పెట్టెలోంచి ఉప్పుకాగితం తెచ్చుకుంది. పాపను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి అరటిపండు ముక్కలిచ్చి, ముందు గది కిటికీతో మొదలుపెట్టింది.

రంగు పొరలు పొరలుగా లేచింది. పైన తెలుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మళ్లీ తెలుపు. అట్లకాడ అంచుకు అట్టు లేచినట్టు లేచింది. లేవని చోట ఉప్పుకాగితంతో రుద్దింది. మెత్తటి పొడి గాలిలో తేలి ఎండలో మెరిసింది. పాప నవ్వుతూ చేతులు చాచి ఆ మెరుపును పట్టుకోబోయింది. "పట్టుకో బంగారం, పట్టుకో" అంది ప్రేమజ్యోతి. పన్నెండయ్యేసరికి మూడు కిటికీలు చెక్క కనబడేదాకా నున్నగా తేలాయి. పెచ్చులన్నీ ఖాళీ బియ్యం సంచిలోకి ఎత్తి, ఊరి నుంచి తెచ్చుకున్న చీపురుతో నేల ఊడుస్తుండగా ధాత్రి తలుపు తీసుకుని వచ్చింది.

"రా తల్లీ, చూడు ఎంత నున్నగా వచ్చిందో. విషమంతా సంచిలోకి పట్టేశా."

ధాత్రి బూట్లు కూడా విప్పలేదు. నేరుగా వచ్చి పాపను కుర్చీలోంచి ఎత్తుకుని మేడ మీదికి పోయింది. పైన నీళ్ల చప్పుడు వినిపించింది, పాప ఏడుపు వినిపించింది. కాసేపటికి ధాత్రి ఒక్కతే వచ్చి మెట్ల మీద నిలబడింది. కిందికి మాత్రం దిగలేదు.

"ఊడ్వకండాంటీ. చీపురు కింద పెట్టండి."

"ఏమైందమ్మా?"

"రంగు చెక్కకు అంటుకుని ఉన్నప్పుడు కొరికితేనే ముప్పు. పొడి చేసిన్రంటే గాలిల కలుస్తది. పీలుస్తం, చేతులకంటుతది, కార్పెట్ల దిగుతది. దాన్ని పొడిగా గీకొద్దని, అసలు ఎవరూ ముట్టుకోవద్దని ఫారంల రాసుంది. చూసిపోకముందు పని మొదలుపెడితే సాయం కూడా ఇయ్యరట. నాలుగో పేజీ. అన్నకు చెప్పిన నేను."

ప్రేమజ్యోతి చేతిలోని చీపురు వంక చూసింది. తర్వాత ఎత్తు కుర్చీ వంక చూసింది. కుర్చీ పలక మీద మిగిలిన అరటిపండు ముక్క మీద సన్నటి తెల్లటి పొడి ఉంది.

మూడున్నరకు జెస్లిన్ వచ్చింది, ఆ వెనకే ఆరన్. జెస్లిన్ మూడు కిటికీలూ చూసింది. కోటు విప్పకుండా మెట్ల మీద కూలబడింది.

"నీకు చెప్పిందట కదా ధాత్రి" అంది మొగుడితో.

"చెప్పింది. అత్తమ్మ అట్లకాడ పట్టుకుని కిటికీల మీద పడుతుందని నాకేమన్నా కలొచ్చిందా?"

"నాతో ఒక్క మాట చెప్పుంటే పోయేది కదా."

"సరే, చెప్పలేదు. ఇప్పుడు నన్ను సిలువ వేస్తావా? రేపు పదింటికి ఆవిడొస్తుంది. అది చూడు ముందు."

ఆరన్ బయటికి వెళ్లి తెల్ల రంగు డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చాడు. మూడు కిటికీలకూ రెండేసి పూతలు వేశాడు. తడిగుడ్డలతో నేలంతా తుడిచాడు. కోపమంతా చేతుల్లోకి పోనిచ్చి పని చేశాడు. అయ్యాక అన్నాడు. "ఎవరూ ముట్టుకోలేదు. పండక్కి పైపైన ఒక కోటు వేశాం, అంతే. ఆ సంచి పారేయండత్తమ్మా."

చెత్తబండి వచ్చేది శుక్రవారం. ప్రేమజ్యోతి సంచిని, అట్లకాడను వెనక మెట్ల కింద పెట్టింది.

"పాప సంగతి?" అంది జెస్లిన్.

"ధాత్రి వాళ్ల గదిలో పడుకుంటుంది. ఈ సాయం పోతే మనకు కిటికీలు మార్చే దారి లేదు. కిటికీలు మారకపోతే పాప ఎప్పటికీ ఇందులోనే. నువ్వే ఆలోచించుకో."

జెస్లిన్ ఆలోచించింది. తర్వాత తల్లివైపు తిరిగింది. "అమ్మా, రేపు నువ్వు పైనే ఉండు. ఆవిడ వెళ్లేదాకా ఒక్క మాట మాట్లాడకు."

"మాట్లాడను" అంది ప్రేమజ్యోతి.

గురువారం ఆవిడ పదికి రెండు నిమిషాల ముందే వచ్చింది. పేరు లొరెయిన్. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పొట్టి నెరిసిన జుట్టు. గుమ్మంలో ఆగి బూట్లకు నీలం సంచులు తొడుక్కుంది. చేతిలో తుపాకీ లాంటి మిషను ఉంది. దాన్ని గోడకు ఆనించి నొక్కితే లోపలున్న సీసం లెక్క చూపిస్తుందట, పైన ఎన్ని పూతలున్నా సరే. ప్రేమజ్యోతి పై మెట్టు మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కనే ధాత్రి, కింద వినబడుతున్న ఇంగ్లీషును గుసగుసగా తెలుగు చేస్తోంది.

మిషను టక్కుమంది. ఆగింది. మళ్లీ టక్కుమంది.

"కొత్త రంగు వాసన వస్తుందంటుంది" అంది ధాత్రి.

కింద ఆరన్ నవ్వు వినబడింది. ఎప్పుడూ నవ్వే నవ్వు కాదది.

"క్రిస్మస్‌కు వేసినమన్నడు అన్న."

గోడలయ్యాక, కిటికీల దాకా రాకముందే మిషను ఆగింది. లొరెయిన్ మళ్లీ ఏదో అడిగింది, ఈసారి నిదానంగా.

"వేసే ముందు పాత రంగు గీకిన్రా అని అడుగుతుంది."

"నో" అన్నాడు ఆరన్. ఆ మాటకు ప్రేమజ్యోతికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. జెస్లిన్ గొంతు అసలు వినబడలేదు.

లొరెయిన్ మాటల్లో ఊరట తెలిసింది. ఇద్దరితో చాలాసేపు మాట్లాడింది. ధాత్రి సగం చెప్పి ఆగిపోయింది.

"మొత్తం చెప్పమ్మా."

"మంచిదైందంటుంది. గీకలేదు కాబట్టి పని మొదలయ్యేదాకా, అంటే ఫిబ్రవరి దాకా, మీరంతా ఇక్కడే ఉండొచ్చట. పాపను కిటికీల దగ్గరికి రానియ్యకుంటే చాలట."

"ఇంకా?"

ధాత్రి గోడవైపు చూసింది. "ఒకవేళ గీకి ఉంటే... పాపను ఈ ఇంట్ల ఒక్క పూట కూడా ఉండనియ్యకపోయేదట. ఆ పొడి కంటికి కనబడదట. మామూలుగ తుడిస్తే పోదట."

ప్రేమజ్యోతి ఒళ్లో అబిగేల్ బొటనవేలు నోట్లో పెట్టుకుని, ధాత్రి ఫోనుకు వేలాడే కుచ్చుతో ఆడుకుంటోంది. ఫిబ్రవరికి రెండు నెలలు పైన ఉంది. రోజూ ఇదే కార్పెట్, ఇదే సోఫా. రోజూ ఇదే వేలు, ఇదే నోరు.

పాపను ధాత్రి ఒళ్లోకి మార్చింది. రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టు దిగింది. ముందు గదిలో ముగ్గురూ ఆమె వంక తిరిగారు. ఆగకుండా వంటగదిలోంచి వెనక్కి పోయి, మెట్ల కింది సంచిని రెండు చేతులతో, లోపలున్నది చెదరకుండా, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. లొరెయిన్ కాళ్ల దగ్గర దించింది. దాని మీద అట్లకాడ పెట్టింది.

"అత్తమ్మా" అన్నాడు ఆరన్, పళ్ల మధ్య నుంచి.

ఆమె అతని వంక చూడలేదు. తనకొచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ పోగు చేసుకుంది. "ఐ డూ" అని తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "యెస్టర్‌డే. త్రీ విండో." తర్వాత ఎత్తు కుర్చీని చూపించింది. "బేబీ దేర్."

జెస్లిన్ కళ్లు మూసుకుంది.

లొరెయిన్ సంచి మూతి విప్పకుండా, తను తెచ్చిన మందపాటి సంచిలో దాన్ని పెట్టి మూట కట్టింది. తర్వాత అక్కడే వంగి కూర్చుని ప్రశ్నలు అడిగింది. ధాత్రి పై మెట్టు నుంచే అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసింది. ఎంతసేపు గీకారు? మూడు గంటలు. నీళ్లు చల్లారా? లేదు, పొడిగానే. పాప గదిలోనే ఉందా? ఉంది. దేనితో ఊడ్చారు? ప్రేమజ్యోతి వెళ్లి చీపురు కూడా తెచ్చి ఇచ్చింది. చిన్నప్పుడు బడిలో తప్పు ఒప్పుకున్న పిల్లలా కాదు, సాక్షిలా నిలబడి చెప్పింది. ఏదీ తగ్గించలేదు. లొరెయిన్ ప్రతి జవాబూ రాసుకుంది.

"ఎందుకు చేశారని అడుగుతుందాంటీ."

"పెద్దమనిషి ఇంటికొస్తుంటే పెచ్చులూడిన కిటికీ చూపించడానికి సిగ్గేసిందని చెప్పు."

ధాత్రి చెప్పింది. లొరెయిన్ పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్లీ రాసింది. లేచి, ఆరన్‌తో, జెస్లిన్‌తో మెల్లగా మాట్లాడింది. ఆ మూడు కిటికీలనూ ఎవరూ ముట్టుకోలేదని రాయడం తనకు కుదరదు. సాయం ఇవ్వాలో వద్దో పైవాళ్లు తేలుస్తారు. ఎవరు గీకారో, ఎందుకు గీకారో, ఆ నిజం ఎవరు చెప్పారో కూడా రాస్తుంది. ఇప్పుడు మాత్రం పాప బయటికి వెళ్లాలి. ఈ రోజే, ఈ గంటలోనే. గుడ్డబొమ్మలు, దుప్పట్లు ఏవీ తీసుకెళ్లకూడదు.

గంటలో ఇల్లు ఖాళీ అయింది. చర్చి పెద్ద రత్నరాజుగారు తన ఇంటి బేస్‌మెంటు ఇచ్చారు. ముగ్గురు ఆడపిల్లలూ, అప్పటికే తొమ్మిది మంది ఉంటున్న ఇంకో ఇంటికి సూట్‌కేసులు లాక్కుంటూ వెళ్లారు.

"నా మూలాన మీకు కూడా గూడు పోయింది" అంది ప్రేమజ్యోతి.

"ఏం కాదాంటీ. హాస్టల్ల మాకు నలభై మందికి రెండు బాత్రూములు. పన్నెండు మందంటే మాకు విల్లా లెక్క" అంది ధాత్రి.

మర్నాడు పాపకు మళ్లీ రక్తం తీశారు. నాలుగు రోజుల తర్వాత జెస్లిన్ ఫోను విని, బేస్‌మెంటు మంచం అంచున కూర్చుంది.

"పెరిగిందమ్మా."

ప్రేమజ్యోతి పాప చేతుల వంక చూసింది.

"నీ వల్లే అని అనట్లేదు నేను."

"అను" అంది తల్లి. "కాటుక అప్పుడు అనకుండా పదిహేను రోజులు మోశావు. ఈసారి అనెయ్యి."

జెస్లిన్ ఫోను పక్కన పెట్టింది. "నీ వల్లే" అంది. అని, తల్లి మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. ప్రేమజ్యోతి ఆ తల మీద చెయ్యి వేసింది. ఆ మాట రాయిలాగే తగిలింది. అయినా తగలాల్సిన చోటే తగిలింది.

ఆ రోజు నుంచి పాప చేతులు కడగడం ఆమె పని. తినబోయే ముందు, పడుకోబోయే ముందు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా కడిగేది. "అమ్మమ్మ కడిగి కడిగి పాప రేఖలు చెరిపేస్తుంది" అని రత్నరాజుగారి భార్య నవ్వేది. జెస్లిన్ చెంచాను తల్లికి తిరిగి ఇచ్చేసింది.

జనవరి ఆఖర్లో ఉత్తరం వచ్చింది. ఆరన్ బేస్‌మెంటు మెట్ల మీదే నిలబడి చదివాడు. పదకొండు కిటికీలకూ, ఇల్లంతా పొడి తీసి శుభ్రం చేయించడానికీ కౌంటీ ఇస్తుంది. గీకిన మూడింటికి ఇవ్వదు. చదవడం అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అత్తగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు తర్వాత ఆమెతో సూటిగా మాట్లాడటం అదే మొదలు.

"ఆ మూడూ నేను పెట్టిస్తానత్తమ్మా. ఫిబ్రవరిలో మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ ఉంది, రోజుకు పన్నెండు గంటల పని. ఆ రోజు 'నో' అన్నది నేనే కదా."

"నువ్వు పాప కోసమే అన్నావు నాయనా."

"మీరు గీకింది మాత్రం ఎవరి కోసం?" అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగింది.

ఫిబ్రవరి రక్తపరీక్షలో అంకె కాస్త దిగింది. మార్చిలో ఇంకొంచెం దిగింది. ఇంకా దిగాల్సింది ఉందన్నారు. ఏప్రిల్లో, లొరెయిన్ వచ్చి తడి కాగితాలతో ప్రతి కిటికీ తుడిచి పరీక్షకు పంపి, ఇక వెళ్లొచ్చని రాసిచ్చాక ఇంటికి వచ్చారు.

కార్పెట్ లేదు, నేల బోడిగా ఉంది. పద్నాలుగు కిటికీలూ కొత్తవి. తలుపు దగ్గర కిందికి దించగానే అబిగేల్ పడుతూ లేస్తూ పరిగెత్తింది. కొత్త సోఫా ఎక్కింది. కిటికీ పట్టుకుని నిలబడింది. అప్పుడే వీధి చివర బస్సు మలుపు తిరిగింది. పాప దాన్ని చూస్తూ చూస్తూ, పాత అలవాటు కొద్దీ, మెల్లగా తల వంచి కిటికీ అంచుకు నోరు ఆనించింది.

జెస్లిన్ చేతిలోని సంచి నేల మీద పడింది. ఆరన్ ఒక అడుగు వేసి ఆగాడు. ప్రేమజ్యోతి చెయ్యి ముందుకు పోయి గాలిలోనే నిలిచిపోయింది.

పాప ఒకసారి నాకింది. మొహం చిట్లించింది. ఇంకోచోట నాకి చూసింది. అక్కడా ఏ రుచీ తగల్లేదు. నోరు తీసేసి, అద్దానికి నుదురు ఆనించి, బస్సు దిగుతున్న పిల్లల్లో ధాత్రి కోసం వెతుక్కోసాగింది.